సుగంధి వేళ్లతో అల్లం బీరు: హైదరాబాద్ ఇంట్లో ఎలా చేసుకోవాలి

బేగంబజార్‌లో ఎండు మూలికలు అమ్మే కొట్టుకు వెళ్లి సుగంధిపాల వేళ్లు వంద గ్రాములు అడగండి. పొట్లం కట్టించుకునే ముందు ఒక వేరు విరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. వెనిలాని గుర్తుచేసే తియ్యటి వాసన గుప్పుమంటే తీసుకోండి. రాకపోతే డబ్బులు తీయకుండా పక్క కొట్టుకు వెళ్లండి. ఈ పానీయమంతా ఆ వాసన మీదే నిలబడుతుంది. పాతబడిన వేరుని ఎంతసేపు నానబెట్టినా చెక్క నానిన నీళ్లే మిగులుతాయి.

నేను చెప్పబోయేది అల్లం బీరు. పేరులో బీరు ఉన్నా ఇందులో బార్లీ గానీ, బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు గానీ ఉండవు. అల్లం, బెల్లం, వేళ్లు, నిమ్మరసం కలిపి పెడితే కల్లు పులిసినట్టే దానంతట అది పులిసి, నురగ కట్టే చల్లటి పానీయం ఇది. ఇంగ్లండ్‌లో రెండు వందల ఏళ్లకు పైగా ఇళ్లల్లో చేసుకుంటున్నారు. అమెరికాలో సర్సపరిల్లా, సాసఫ్రాస్ వేళ్లతో ఇలాంటిదే చేసి దానికి రూట్ బీరు అని పేరు పెట్టుకున్నారు. మన సుగంధిపాలకి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు కూడా ఇండియన్ సర్సపరిల్లానే. మా అమ్మమ్మ వాళ్లది కడప జిల్లా. వేసవి సెలవులంటే మాకు నన్నారి షర్బత్, అంటే ఈ సుగంధి వేళ్ల షర్బతే. అల్లం బీరు మొదటిసారి చేసినప్పుడు నాకు వెంటనే ఆ వేళ్లే గుర్తొచ్చాయి. అల్లం ఘాటు కింద నుంచి సుగంధి వాసన మెల్లగా పైకి రావడం నాకు ఏ షర్బత్‌లోనూ దొరకని రుచి.

బార్లీతో అసలు బీరే కాచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం నేరం. నగరంలో అక్కడికక్కడే బీరు కాచి అమ్మే మైక్రోబ్రూవరీలు నడుస్తున్నాయంటే వాటికి ఆ లైసెన్స్ ఉండబట్టే. మనం ఇక్కడ సీసాలో గ్యాస్ పట్టేదాకా మాత్రమే పులియనిచ్చి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఆపేస్తాం. రోజుల తరబడి బయట ఉంచి బలం పెంచాలని చూడకండి, అమ్మకానికి అసలే పెట్టకండి. ఎంత పులిస్తే ఎంత ఆల్కహాల్ వస్తుందో ఆ లెక్క ముందు ముందు చెబుతాను.

ముందుగా కొనాల్సినవి

రెండు లీటర్లకి పావుకిలో దాకా అల్లం పడుతుంది, పులియబెట్టడానికి వేసే తోడుతో కలిపి. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో మట్టి అంటుకున్న అల్లం దొరుకుతుంది. అదే కావాలి. తళతళలాడేలా కడిగి, ప్లాస్టిక్‌లో చుట్టి సూపర్‌మార్కెట్లో పెట్టిన అల్లం చూడ్డానికి బాగుంటుంది కానీ దాంతో తోడు లేవడం కష్టం. రెండుసార్లు ప్రయత్నించి మానేశాను.

బెల్లం ముదురు రంగుది తీసుకోండి. బెల్లం పసుపు పచ్చగా మెరవడానికి తరచూ రసాయనాలు కలుపుతారు. అవి పానీయాన్ని పులియబెట్టే ఈస్టుకీ పడవు, మనకీ పడవు. అలాగని మొత్తం బెల్లమే వేస్తే దాని వాసన సుగంధిని మింగేస్తుంది. నేను సగం చక్కెర, సగం బెల్లం వాడతాను. ఇవి కాక రెండు నిమ్మకాయలు, చిటికెడు ఎండు వేపపువ్వు, ఒక లీటరు గాజు సీసా, పలచటి మల్లు గుడ్డ, రెండు లీటర్లు పట్టేలా కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలు ఉంటే చాలు. గాజు సీసా తోడు పెట్టుకోవడానికి మాత్రమే. తయారైన పానీయాన్ని గాజులో పోయకూడదు, ఎందుకో కింద చెబుతాను.

అల్లం తోడు

పాలు పెరుగవ్వాలంటే తోడు కావాలి. దీనికీ అంతే. ఇంగ్లీషులో జింజర్ బగ్ అంటారు, నాకు మాత్రం అల్లం తోడు అనడమే సహజంగా అనిపిస్తుంది. అల్లం తొక్క మీద అడవి ఈస్టులు, పులుపు పుట్టించే బ్యాక్టీరియా ముందే ఉంటాయి. మనం వాటికి తీపి, నీళ్లు, కాస్త సమయం ఇస్తాం. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడం వెనకా ఇలాంటి కాపురమే ఉంది. ఇంగ్లండ్‌లో అల్లం బీరు పులియబెట్టడానికి వాడే తోడు గడ్డని పరీక్షించిన హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రవేత్త, అందులో ఒక ఈస్టూ ఒక బ్యాక్టీరియా జతగా బతుకుతున్నాయని 1892లో ప్రకటించాడు. ఈస్టు గ్యాస్ ఇస్తుంది, బ్యాక్టీరియా పులుపు ఇస్తుంది. చెడ్డ క్రిములని దగ్గరికి రానివ్వనిది ఆ పులుపే.

కుళాయి నీళ్లు నేరుగా పోయకండి. మంజీరా నీళ్లైనా, కృష్ణా నీళ్లైనా వాటిలో క్లోరిన్ ఉంటుంది. క్రిముల్ని చంపడానికి కలిపిన క్లోరిన్ మన ఈస్టుని మాత్రం ఎందుకు వదులుతుంది? నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి వాడండి.

గాజు సీసాని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. అందులో 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, తొక్కతోనే సన్నగా తరిగిన అల్లం రెండు పెద్ద చెంచాలు, చక్కెర రెండు పెద్ద చెంచాలు వేసి బాగా కలపండి. అల్లాన్ని మట్టి పోయేలా ఒక్కసారి కడిగితే చాలు, గీకకండి. సీసా మూతికి గుడ్డ కట్టి, ఎండ తగలని చోట, వంటింటి గట్టు మీద ఒక మూలకి పెట్టండి. గుడ్డ బిగించి కట్టండి, లేదంటే ఒక్క పూటలో చిన్న ఈగలు చేరతాయి.

రెండో రోజు నుంచి రోజూ ఒక పెద్ద చెంచా అల్లం, ఒక పెద్ద చెంచా చక్కెర వేసి కలపండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కలిపితే ఇంకా మంచిది, పైన తేలే అల్లం ముక్కలు ఎండిపోకుండా ఉంటాయి. బూజు పట్టేది పైన ఎండిన ముక్కల మీదే.

ఎన్ని రోజులు అంటే మన ఊరి కాలాన్ని బట్టి. ఏప్రిల్, మే నెలల్లో మూడో రోజుకే బుడగలు లేస్తాయి. డిసెంబరు చలిలో వారం పట్టొచ్చు. క్యాలెండర్ చూడకండి, తోడుని చూడండి. ఒక చెంచా చక్కెర వేసి కలిపిన మూడు నాలుగు గంటల్లో పైన నురగ కట్టి, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు వినిపిస్తే తోడు తయారైనట్టు. వాసన అల్లం ఘాటుతో పాటు కాస్త పుల్లగా, తాజా కల్లుని గుర్తుచేస్తూ ఉండాలి. అడుగున తెల్లగా పేరుకునేది అల్లంలోని పిండి, ఈస్టు. దానికి టెన్షన్ పడకండి. కానీ పైన నూగుగా తెలుపు, పచ్చ, నలుపు ఏ రంగు బూజు కనిపించినా, కుళ్లిన వాసన వచ్చినా మొత్తం పారబోయండి. పైది తీసేసి మిగతాది వాడదామనే ఆశ వద్దు. పోయేది ఒక అల్లం ముక్క, గుప్పెడు చక్కెర మాత్రమే.

వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే నాలుగైదు నల్ల ఎండుద్రాక్షలు వేసి చూడండి. వాటి తొక్క మీద కూడా ఈస్టు ఉంటుంది. బంగారు రంగు కిస్‌మిస్ పనికిరాదు, దానికి గంధకపు పొగ పెడతారు.

వేరుకొక తీరు, పువ్వుకొక తీరు

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. అల్లం, సుగంధి, పువ్వు అన్నీ ఒకే గిన్నెలో వేసి అరగంట మరిగిస్తారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. వాళ్లకి సంతోషంగా ఉంటుంది. ఇల్లంతా వచ్చిన ఆ వాసన గిన్నెలోంచి వెళ్లిపోయిన వాసన అని గుర్తుపెట్టుకోండి.

సుగంధిలోని పరిమళం వెనిలా పరిమళానికి చాలా దగ్గరి రసాయనం. ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం దానిది. అందుకే సుగంధిని ఎప్పుడూ మరిగించకూడదు. ముందురోజు రాత్రే 30 గ్రాముల వేళ్లని మట్టి పోయేలా రెండు మూడు సార్లు కడిగి, రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచండి. దంచితే పైన బెరడు విడిపోయి, లోపల గట్టి పుల్ల బయటపడుతుంది. వాసన బెరడులోనే ఉంటుంది, పుల్లలో చెక్క రుచి తప్ప ఏమీ లేదు. ఓపికగా పుల్లలు ఏరి పారేయండి. అరలీటరు నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, పది నిమిషాలు ఆగి, అప్పుడు బెరడు వేసి గట్టిగా మూత పెట్టేయండి. తెల్లారేదాకా తీయకండి. ఎండాకాలమైతే గిన్నె చల్లారాక ఫ్రిజ్‌లోకి మార్చండి. పొద్దున్నే నీళ్లు ఎర్రమట్టి రంగుకి వచ్చి, మూత తీయగానే అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చేంత వాసన వస్తుంది.

అల్లం దీనికి పూర్తిగా వేరు. దాని ఘాటు వేడికి బెదరదు. పది నిమిషాలు మరిగితేనే కారం బాగా దిగుతుంది. వేపపువ్వు చేదు కూడా వేడితోనే వస్తుంది, కానీ రెండు నిమిషాలకి మించి మరిగితే నాలుక మీద నిలిచిపోయే చేదవుతుంది. వేపపువ్వు ఎందుకంటారా? అసలు బీరులో తీపిని కోసేది హాప్స్ చేదు. ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియాలో 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదని శాసనం చేశారు. అంతకుముందు ఐరోపాలో చాలాచోట్ల రకరకాల చేదు ఆకులు, మూలికలు వేసి కాచేవాళ్లు. మనకి ఉగాది పచ్చడి పుణ్యమా అని చేదుకీ తీపికీ పొత్తు ఎలా కుదురుతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. చైత్రంలో రాలే పువ్వుని నీడన ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే ఏడాదంతా సరిపోతుంది. రెండు లీటర్లకి అర టీచెంచా చాలు. ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది, వేయకండి.

కాచడం, కలపడం

ఒక లీటరు నీళ్లలో 80 గ్రాముల అల్లం తురుము వేసి పది నిమిషాలు మరిగించండి. ఎనిమిదో నిమిషంలో వేపపువ్వు వేయండి. పొయ్యి ఆపాక 80 గ్రాముల చక్కెర, 80 గ్రాముల బెల్లం వేసి కరిగించి, మూత పెట్టి చల్లారనివ్వండి. బెల్లంలో ఇసుక, పీచు ఉంటాయి కాబట్టి మల్లు గుడ్డతో వడకట్టడం తప్పదు. సుగంధి నీళ్లనీ వేరే గుడ్డలో వడకట్టి, గట్టిగా పిండి ఇందులో కలపండి.

తోడు కలపడానికి తొందరపడకండి. గిన్నె అడుగున అరచేయి పెట్టి చూడండి. ఏమాత్రం వెచ్చగా అనిపించినా ఇంకా ఆగాల్సిందే. వేడిలో తోడు వేస్తే ఈస్టు చచ్చిపోతుంది, వేడి పాలలో తోడు వేస్తే పెరుగు విరిగినట్టు. చల్లారాక రెండు నిమ్మకాయల రసం, వడకట్టిన తోడు 150 మిల్లీలీటర్లు పోసి కలపండి. కాచి చల్లార్చిన నీళ్లు పోసి మొత్తం రెండు లీటర్లు చేయండి. నిమ్మరసం రుచికే అనుకోకండి. మొదటి కొన్ని గంటలు ఈస్టు ఇంకా పుంజుకోని సమయంలో చెడ్డ క్రిములకి చోటివ్వకుండా కాపాడేది ఈ పులుపే. దాన్ని తగ్గించకండి.

ఇప్పుడు రుచి చూడండి. కాస్త ఎక్కువ తియ్యగా అనిపించాలి. కొంత తీపిని ఈస్టు తినేస్తుంది, చల్లబడ్డాక నాలుకకి కూడా తీపి తక్కువ తెలుస్తుంది.

సీసాలు, గ్యాస్

ఈ భాగం రెండుసార్లు చదవండి.

తొలి రోజుల్లో ఒక మే నెలలో నేను అల్లం బీరుని గాజు స్క్వాష్ సీసాలో పోసి, మూత బిగించి, వంటింటి అల్మారాలో పెట్టి రెండు రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి అల్మారా తలుపు తెరుచుకుని ఉంది. గాజు పెంకులు ఎదుటి గోడ దాకా ఎగిరి పడ్డాయి. ఆ సమయంలో మా అమ్మాయి అక్కడ నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. ఆ తర్వాత ఈ పానీయం కోసం మళ్లీ గాజు ముట్టుకోలేదు.

గాజు పగిలేదాకా ఏమీ చెప్పదు. ప్లాస్టిక్ సీసా నొక్కితే చెబుతుంది. కూల్‌డ్రింక్ సీసాలు గ్యాస్ ఒత్తిడి తట్టుకునేలా తయారు చేస్తారు, వాటి అడుగున పువ్వు రేకుల్లాంటి కాళ్లు ఉంటాయి. మంచినీళ్ల సీసాలు పలచనివి, వాటిని వాడకండి. సొట్టలు పడ్డవి, గీతలు పడ్డవి కూడా వద్దు. శుభ్రంగా కడిగి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నింపి, మూత గట్టిగా బిగించండి. సీసాలని ఒక బకెట్లో నిలబెట్టి పైన పాత తువ్వాలు కప్పండి. ఎక్కడైనా కారినా ఇల్లు పాడవదు.

నింపగానే సీసా నొక్కి చూసుకోండి, మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో నాలుగు గంటలకోసారి, చలికాలంలో పూటకోసారి నొక్కుతూ ఉండండి. కొట్లో కొన్న కొత్త కూల్‌డ్రింక్ సీసా ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మే నెలలో మా ఇంట్లో ఇది ఎనిమిది నుంచి పన్నెండు గంటల పని. జనవరిలో రెండు మూడు రోజులు పడుతుంది. రాత్రి నింపి, పొద్దున ఆఫీసుకి వెళ్లి సాయంత్రం చూద్దామంటే ఎండాకాలంలో కుదరదు. ఆదివారం పొద్దున నింపడం నయం, రోజంతా కళ్ల ముందు ఉంటుంది.

ముందు చెప్పిన లెక్క ఇది. లీటరులో 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక లీటరు గ్యాస్ పుడుతుంది, దాంతోపాటు పావు శాతం ఆల్కహాల్. సీసా గట్టిపడేసరికి లీటరుకి పది గ్రాముల చక్కెర ఖర్చవుతుంది. తోడులో ముందే ఉన్నది కూడా కలుపుకుంటే అర శాతం నుంచి ఒక శాతం మధ్య ఆల్కహాల్ ఉంటుంది. మామూలు బీరులో 5 శాతం దాకా ఉంటుంది. అంటే ఇది బీరు కాదు, అలాగని పూర్తిగా షర్బత్ కూడా కాదు. ఫ్రిజ్ చలి ఈస్టుని చంపదు, మత్తుగా పడుకోబెడుతుంది. కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ వేడెక్కితే అది మళ్లీ లేస్తుంది. అలాంటి రోజు మూతలు కొద్దిగా వదిలి గ్యాస్ తీసి మళ్లీ బిగించండి.

తెరవడం, పంచడం

కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాక తెరవండి. చల్లటి నీళ్లలో గ్యాస్ బాగా కరిగి ఉంటుంది, వెచ్చగా ఉన్నప్పుడు తెరిస్తే సగం సీసా నురగై పోతుంది. సింకు దగ్గర నిలబడి, ముఖం దూరంగా పెట్టి, మూతని కొద్దిగా తిప్పి ఆపండి. నురగ పైకి వస్తే మళ్లీ బిగించండి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే నెమ్మదిస్తుంది. అడుగున ఉన్న మడ్డి కదలకుండా గ్లాసులోకి వంచండి. వారంలోపు తాగేయండి, రోజులు గడిచే కొద్దీ తీపి తగ్గి పులుపు పెరుగుతుంది.

ఇచ్చే ముందు ఇందులో ఏముందో చెప్పండి. ఇది మర్యాద మాత్రమే కాదు, అవతలి మనిషి నమ్మకానికి, ఆరోగ్యానికి సంబంధించిన విషయం. మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు ముస్లింలు. రంజాన్‌లో వాళ్లింటి నుంచి మాకు హలీం వస్తుంది. ఆల్కహాల్ లవలేశం ఉన్నా వాళ్లు ముట్టుకోరు. మా అత్తయ్యా అంతే. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ నేనే ఇవ్వను. రోజూ మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగడం మంచిది.

వాళ్ల కోసం అదే రోజు ఇంకో గిన్నె పెట్టండి. సుగంధి నీళ్లు, అల్లం కషాయం సగం సగం తీసుకుని, లీటరుకి అరకిలో చక్కెర వేసి కరిగించి, నిమ్మరసం కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తోడు వేయకూడదు. గ్లాసులో నాలుగో వంతు ఈ పాకం, మిగతాది చల్లటి సోడా. పులియలేదు కాబట్టి ఆల్కహాల్ బెంగ లేదు. మొన్న వేసవిలో పక్కింటి ఆంటీకి ఇదే ఇస్తే, గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. ఖుబానీ కా మీఠా వచ్చింది.

వేరే వాసనలు పట్టాలంటే

ఒకటి రెండుసార్లు సుగంధితో చేయి తిరిగాక మిగతావి ప్రయత్నించండి. ఒక్కో విడతలో ఒక్కటే మార్చండి, లేకపోతే ఏ రుచి దేనిదో అర్థం కాదు.

వట్టివేరుకి వేడి అసలు అక్కర్లేదు. కడిగిన వేళ్లు పది గ్రాములు మట్టికుండ నీళ్లలో ఆరుగంటలు ఉంచి, ఆ నీళ్లు కలపండి. తొలకరి వాన పడిన మట్టి వాసన వస్తుంది. మూలికల కొట్లో కొన్నదే వాడండి, కూలర్ తడికెల కోసం అమ్మే వేళ్లు తిండికి పనికిరావు.

నగరంలో నిహారీ, మరగ్ వండేవాళ్లు వాడే పోట్లీ మసాలా మీకు తెలిసే ఉంటుంది. వట్టివేరు, పాన్ వేరు, ఎండు గులాబీ రేకులు లాంటివి గుడ్డలో మూటకట్టి మరిగే గిన్నెలో వేలాడదీస్తారు. మూట పద్ధతి మనకీ బాగా పనికొస్తుంది. రుచి చూస్తూ చాలనిపించగానే తీసేయొచ్చు. ఒక చిన్న మూట, పొయ్యి ఆపాక ఇరవై నిమిషాలు చాలు. దీంతో చేసిన అల్లం బీరు బిర్యానీ పక్కన ఎంత బాగుంటుందో చెప్పలేను.

ఎర్ర గోంగూర కాయల మీది ఎర్రటి దళసరి రేకులు గుప్పెడు వేస్తే మాణిక్యం రంగు వస్తుంది. అప్పుడు ఒక నిమ్మకాయ చాలు. బెల్జియంలో గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన దగ్గర నల్లగొండ బత్తాయిలు ఉండగా నారింజ కోసం వెతకనక్కర్లేదు. ఒక బత్తాయి పై తొక్కని తెల్ల భాగం రాకుండా గీకి, ఒక చెంచా దంచిన ధనియాలతో కలిపి పొయ్యి ఆపాక వేయండి. మామిడి అల్లం దొరికితే సగం అల్లం బదులు అది వేయండి, పచ్చి మామిడి వాసన వస్తుంది. ఇప్పపువ్వు మాత్రం ఈ పానీయంలో వేయకండి. ఎండు పువ్వులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది, పులియడం మన చేతిలో ఉండదు.

గులాబీ, మరువం, దవనం వేయాలనిపిస్తే ఇంటి కుండీలో పెంచినవే వాడండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఉన్నవి దండల కోసం పెంచినవి, వాటి మీద ఏ మందులు కొట్టారో తెలియదు.

తోడుని నిలబెట్టుకోవడం

150 మిల్లీలీటర్లు తీసేశాక సీసాలో మిగిలిన తోడుని పారేయకండి. తీసినంత కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక చెంచా అల్లం, ఒక చెంచా చక్కెర వేసి ఒక రోజు బయట ఉంచండి. వెంటనే మళ్లీ చేసే పని లేకపోతే మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వారానికోసారి ఒక చెంచా చక్కెర, ఒక చెంచా అల్లం వేయండి. సీసాలో అల్లం ముక్కలు ఎక్కువైతే పాతవి సగం తీసేయండి. మళ్లీ చేయాలనుకున్నప్పుడు రెండు రోజుల ముందు బయట పెట్టి, రోజూ మేత వేసి, నురగ కట్టాకే వాడండి. మా ఇంట్లో ఉన్న తోడు రెండు సంక్రాంతులు చూసింది. నెలరోజులు ఊరు వెళ్లాల్సొస్తే తోడుని సగం చేసి, పెరుగు తోడు ఇచ్చినట్టే, రోజూ దాని ముఖం చూసే ఓపిక ఉన్న స్నేహితుల ఇంట్లో ఇచ్చి వెళ్లండి.